పెద్దవాళ్ళు తినరు

నమోదు 1. పడమటి గాలి. తెప్ప నిలకడగా ఉంది.

పిల్లలకు జావ పులియబెట్టే యంత్రం లోపలి పొర నల్లబడుతోంది. ఉదయం మూత తీయగానే రోజూ వచ్చే పులిసిన వాసనకు బదులు తడి తాడు వాసన వచ్చింది. డాక్టర్ రెహనా గారు గరిటెతో కొంచెం తీసి చూశారు. ఒడ్డు నుంచి వచ్చే పడవ చేరేవరకు ఇది సాగవచ్చుననీ, ఆ తర్వాత సాగదనీ చెప్పారు. కొత్త పొర తెప్పించుకునే వీలు లేదు. ఒడ్డున ఈ యంత్రాలు వాడటం ఎప్పుడో మానేశారు.

కనుక ఏడేళ్ళు నిండని పిల్లలకు జావ మాన్పించి, నమిలి తినడం అలవాటు చేయాలి. బాలగృహంలో వంట నాది కాబట్టి ఈ పని నాకు అప్పగించారు. ఇంత చిన్నపిల్లలకు ఇది ఇదివరకు ఎవరూ నేర్పలేదు. అడిగి తెలుసుకునేందుకు మనిషి లేడు. చదివి తెలుసుకునేందుకు పుస్తకం లేదు. నలభై అయిదేళ్ళుగా నాకు ఏది వచ్చినా ఈ పద్ధతిలోనే వచ్చింది కనుక ముందుగా నియమాలు రాసుకున్నాను.

ముక్క పిల్లల చిటికెన వేలి గోరుకు మించకూడదు. వేలితో నొక్కితే నలిగేంత మెత్తగా ఉడకాలి.
రోజూ ఒకే వేళ, ఒకే చాప.
బలవంతం ఉండదు. బతిమాలడం కూడా ఉండదు.
నాలుక మీద పెట్టుకుని ఉమ్మేసినా తప్పు కాదు.
తిన్నందుకు బహుమతి, తినకపోతే కోపం, రెండూ ఉండవు.
పక్కన కూర్చున్న పెద్దలు చేతులు ఒడిలో పెట్టుకోవాలి. నోరు కదపకూడదు.

చివరి నియమం రాయనవసరం లేదు. అది ఎవరికైనా తెలిసినదే. అయినా జాబితా నిండుగా ఉండాలని రాశాను.

నమోదు 2. అదే గాలి.

మడుల నుంచి గుమ్మడి, చిలగడదుంప, అలసందలు, బచ్చలి వచ్చాయి. వలవాళ్ళు ముళ్ళు తక్కువగా ఉండే చేప ఇస్తామన్నారు. మా ఊళ్ళు మునిగి తెప్పలెక్కాక వాటి మీద బియ్యం పండించడం ఎవరి తరమూ కాలేదు. మాకు దుంపే అన్నం.

మధ్యాహ్నం చాటు తెర ఉతికాను. ప్రతి ఇంట్లో ఉన్నట్లే నా గదిలోనూ చాటు ఒక మనిషి కూర్చునేంత మూల. గోడ వైపు ముఖం, వెనక మందపాటి తెర. అందులో కూర్చుని తిన్నాక నోరు కడుక్కుని, పళ్ళ మధ్య ఏమీ లేదని అద్దంలో చూసుకుని బయటికి వచ్చాను. వంతెన మీద అప్పలనరసమ్మ ఎదురైంది. లంగరు గొలుసుల దగ్గర పని చేస్తుంది. భర్త వల పడవతో సహా కనిపించకుండా పోయాడు. ఒక్కతే కూతురు, పేరు తొలకరి. నా పెదవుల వంక చూసి, నేను ఎక్కడి నుంచి వస్తున్నానో గ్రహించి, మర్యాదగా తల పక్కకు తిప్పుకుంది. నేను నాలుగడుగులు దాటాక వెనక నుంచి పలకరించింది.

"పైడన్నా, మా గుంటకి రేపే మొదలా?"

"రేపే."

"అది మాట ఇనదు అన్నా. మొండి ఘటం."

"మొండితనానికి కూడా నియమం రాసుకున్నాను."

"నువ్వు రాయందేటుంది!" అని నవ్వింది.

నమోదు 3. గాలి తగ్గింది.

మొదటి రోజు. ఎనిమిది మంది పిల్లలు, వెనక వరుసలో వారి పెద్దలు. ఉడికిన గుమ్మడి, ఒక్కొక్కరికి మూడు ముక్కలు.

కెరటం అనే ఆరేళ్ళ వాడు మూడూ ఒకేసారి మింగి దగ్గాడు. నలుగురు చప్పరించి వదిలేశారు. ఒకడు ముక్కను చెవిలో పెట్టుకున్నాడు. ఒకర్తె రంగు బాగుందని మోకాలికి రాసుకుంది. ఇదంతా నేను ఊహించిన మేరకే ఉంది.

తొలకరికి అయిదో ఏడు నడుస్తోంది. పిలక బిగించి కట్టుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. ముక్కను ముట్టుకోలేదు. ఆకును రెండు చేతులతో ఎత్తి నాకు తిరిగి ఇచ్చింది.

"వొద్దు మావా."

"వాసన సూడు, సాలు."

"వాసన బాగుంది. నువ్వు కూడా మంచోడివే. వొద్దు."

వెనక నుంచి నరసమ్మ గట్టిగా అంది: "ఓలే, మావ అంత కట్టపడి వండినాడు, ఒక్కటి నోట్లో ఎయ్యవేటే?"

బతిమాలకూడదని నియమం ఉందని ఆమెకు గుర్తు చేశాను. పిల్లతో అన్న మాట బతిమాలడం కాదనీ, తిట్టడమనీ ఆమె వాదించింది. తిట్టడానికి వేరే నియమం ఉందని చెప్పాను.

నమోదు 4. ఆగ్నేయపు గాలి, చిన్న అలలు.

పది రోజుల పని సారాంశం. అయిదుగురు గుమ్మడి, దుంప తింటున్నారు. ఇద్దరు నమలకుండా మింగుతున్నారు. అందరికీ జావ సగానికి తగ్గించాము. తొలకరి ఆ సగం జావ మాత్రమే తాగుతోంది. నోట్లో ముక్క పెట్టలేదు.

మార్చి చూసినవి: దుంపను పక్షి ఆకారంలో కోయడం. బచ్చలిని దుంపలో కలపడం. దుంపను జావలా పలచగా చిలికి గిన్నెలో ఇవ్వడం. చేపను వేయించి వాసన పుట్టించడం. ముక్కలను ఆమె చేతనే కడిగించడం. కడిగే పని చాలా శ్రద్ధగా చేసింది. కడిగినవన్నీ కెరటానికి పెట్టింది.

సాయంత్రం డాక్టర్ గారు తొలకరిని తూకం వేశారు. తూకం పలక వైపు రెండుసార్లు చూసి, పిల్లను బయట ఆడుకోమని పంపించి తలుపు వేశారు.

"పైడయ్య గారూ, ఇలా తగ్గితే నేను ఊరుకోలేను. పొట్టకి చిన్న దారి చేసి గొట్టం పెట్టాలి. అది ఇక్కడ కుదరదు, ఒడ్డు ఆసుపత్రిలోనే. గొట్టంలో పోసే ద్రవం కూడా అక్కడే దొరుకుతుంది."

"ఎన్నాళ్ళు?"

"నమలడం వచ్చేదాకా. ఇక్కడ రానిది అక్కడ, కొత్త మనుషుల మధ్య ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను."

"తల్లిని తోడు పంపుతారా?"

"తెప్పవాళ్ళలో పిల్లలకి తప్ప ఎవరికీ ఒడ్డు దిగే అనుమతి లేదు. అడిగాను. మళ్ళీ అడిగాను."

పడవ వచ్చినప్పుడు నిర్ణయం తీసుకుంటామన్నారు. ఈ విషయం నరసమ్మకు తామే చెబుతామన్నారు. నేను గిన్నెలు కడుగుతుండగా పక్క గది నుంచి నరసమ్మ గొంతు ఒక్కసారి పెద్దగా వినిపించింది. 

నమోదు 5. గాలి లేదు.

కారణం తెలిసింది. నాకు తట్టినది కాదు. పిల్లలు చెప్పినదే రాస్తున్నాను.

నేను చాపలు దులుపుతుండగా కెరటం, తొలకరి అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు.

"నీకు ఆకలెయ్యదేటే?"

"ఏస్తాది."

"మరి తినొచ్చు కదేటి?"

"తింటే సిన్నపిల్లలాగే ఉండిపోతాం."

"ఎవులు సెప్పినారు?"

"ఎవులూ సెప్పక్కర్నేదు. కళ్ళు నేవేటి నీకు? పెద్దోలు ఎవులైనా తింతారా? మా అమ్మ తినదు. డాక్టరమ్మ తినదు. మన బంగారి ఏడేళ్ళొచ్చి తెర ఎనక్కి ఎల్లినాది. బయటికొచ్చి జావ మానేసినాది. ఇప్పుడు గొలుసు పనికి ఎల్తంది. తిండి మానేస్తేనే పెద్దోలైపోతాం. జావ సగం మానేసినాను, మిగతాది కూడా మానేత్తాను."

కెరటం నా వైపు వేలు చూపించాడు. "మరి మావ ఎందుకు మనకి తినమని పెడతన్నాడు?"

"మనం పెద్దోలం అయిపోతే మావకి పనుండదు కదరా."

నేను చాప దులపడం ఆపాను. ఆమె వాదంలో తప్పు వెతికాను. ఆమెకు తెలిసినంతలో తప్పు లేదు. ఈ తెప్ప మీద ఏడేళ్ళ లోపు పిల్లలు ఎవరూ ఒక పెద్ద మనిషి నోరు కదలడం చూడలేదు. చూడకుండా ఉండేందుకే మేము తెరలు కుట్టుకున్నాము.

"తొలకరీ, పెద్దోలు కూడా తింతారమ్మా," అన్నాను.

ఆమె నన్ను జాలిగా చూసింది. "ఎక్కడ మావా?"

"తెర ఎనక."

"తెర ఎనక పెద్దోలు పోయినోలని తలుసుకుంటారు. బంగారి సెప్పింది."

బంగారిని పిలిచి అడిగాను. తెర వెనక ఏం జరుగుతుందో చిన్నపిల్లలకు చెప్పకూడదని పెద్దలు ఒట్టు వేయించుకుంటారు కనుక, నోటికి వచ్చినది చెప్పానంది.

నమోదు 6. పడమటి గాలి మళ్ళీ మొదలైంది.

పెద్దల సభలో విషయం పెట్టాను. కోరినది ఒక్కటే: పిల్లల ఎదుట పెద్దలు తినాలి.

 దాలయ్య తాత కర్ర నేలకు ఆనించి ముందుకు వంగాడు. తెప్పల మీద తిండి దొరకని ఆకలి ఏళ్ళలో తెర కట్టాలని మొదట చెప్పిన మనిషి ఆయనే.

"ఒరే పైడీ, ఆ ఏడు నీకు ఎన్నేళ్ళురా?"

"ఇరవై దాటినాయి తాతా."

"అయితే నువ్వు సూసినావు. ఆకలేసే ఊర్లో తినే నోరు అవుపిస్తే ఏటవుద్దో సూసినావు. రొట్టి ముక్క నములుతున్నోడిని ఆడి సొంత అన్నే తెప్ప మీంచి తోసేసినాడు. నేదంటావా?"

"నేదనను."

"మరి ఆ తెర ఒగ్గేమంటావేటి?"

"ఇప్పుడు ఆకలి నేదు తాతా. మడులున్నాయి."

"ఆకలి ఎప్పుడొచ్చినా సెప్పి రాలేదురా."

డాక్టర్ గారు లేచి, పిల్ల తూకం తగ్గిన సంగతీ, పడవ సంగతీ చెప్పారు. దాలయ్య తాత తల దించుకుని విన్నాడు. చివరికి సభ ఒక మాట అంది: చేయమని చెప్పము, చేస్తే తప్పని అనము. సభ ముగిసిన తర్వాత, నేను చేస్తాను అంటూ నా దగ్గరకు ఎవరూ రాలేదు. పిల్లల తల్లిదండ్రులు కూడా నన్ను చూసి పక్క వంతెన ఎక్కారు.

వారిని తప్పుపట్టను. నా చాటులో కూర్చుని, తెర కొంచెం పక్కకు జరిపి తినబోయాను. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. అయినా చెయ్యి నోటి దాకా రాలేదు.

నమోదు 7. పడమటి గాలి, పెద్ద అలలు.

పిల్లల ఎదుట చాప వేసుకుని కూర్చున్నాను. నా ముందు ఆకులో ఉడికిన అలసందలు, దుంప. పిల్లలు గుండ్రంగా చేరారు.

"మావ ఏటి సేత్తన్నాడు?"

"ఉండు, మాటాడకు."

ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఎనిమిది జతల కళ్ళు నా దవడ మీద ఉన్నాయి.   దవడ కదపలేకపోయాను. ముక్కను ఆకులోకి ఉమ్మేశాను. చెవిలో గుమ్మడి పెట్టుకున్న పిల్లవాడు ఇకిలించాడు.

తొలకరి లేచి వచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"పర్నేదు మావా. ఉమ్మేసినా తప్పు నేదు."

"ఊ."

"ముక్క పెద్దదైపోనాది నీకు. సిన్నది సేత్తానుండు." వేలితో దుంప నలిపి, గోరంత తీసి, నా అరచేతిలో పెట్టింది. "ఎవులూ బలంతం సెయ్యరు. నీకిట్టమైతేనే."

 ఆ గోరంత ముక్క నోట్లో పెట్టుకుని నమిలాను. మింగాను. కెరటం లేచి గెంతాడు. "తిన్నాడు! మావ తిన్నాడు!" అప్పటి వరకు నమలకుండా మింగుతున్న ఇద్దరు నా దవడ చూసి తమ దవడలు కదిపారు. ఈ ఫలితం నమోదు చేయదగినది.

తొలకరి మాత్రం నా తల నిమిరి వెళ్ళి తన చోట కూర్చుంది. ఆకు ముట్టుకోలేదు.

"సూసినావు కదమ్మా, పెద్దోలు తింతారని?" అన్నాను.

"సూసినాను," అంది బాధగా. "నువ్వు ఇంకా పెద్దోడివి అవలేదు మావా. జుత్తు నెరిసిపోనాది గానీ అవలేదు. ఎవులికీ సెప్పనులే."

నమోదు 8. గాలి తగ్గుముఖం.

నరసమ్మ ఇంటికి వెళ్ళాను. ఒడ్డుకు పంపవలసి వస్తే ఇవ్వడానికి పిల్ల బట్టలు గుడ్డ సంచిలో సర్దుతోంది. మూడు గౌన్లు మడతపెట్టింది. మళ్ళీ తీసి మళ్ళీ మడతపెట్టింది.

నేను తింటే లాభం లేదనీ, నేను ఆ పిల్ల లెక్కలో పెద్దవాణ్ణి కాననీ చెప్పాను. పిల్ల లెక్కలో పెద్ద మనిషి తల్లే.

"నా వల్ల కాదన్నా."

"నా వల్ల కూడా కాలేదు. రెండో ముక్కకి అయింది."

"నీకు తమ్ముడు నేడు."

అర్థం కాలేదని చెప్పాను. ఆమె గౌను మడతపెట్టడం ఆపలేదు.

"ఆ ఏడు నాకు ఎనిమిదేళ్ళు. తమ్ముడికి రెండు. గొలుసు మోసే పిల్లలకే సేప ముక్క ఇచ్చేవోరు. నాను మోసేదాన్ని. ఇంటికి తెస్తే పెద్దోలు లాగేసుకుంటారని అక్కడే తినెయ్యమనేది అమ్మ. ఒకరోజు ఇంట్లో తిన్నాను. ఆడు సాప మీద పడుకుని నా నోరు ఎటు కదిల్తే అటు సూసినాడు. ఏడవను కూడా ఏడవలేదు. పొద్దున్నకి నేడు." సంచి మూతి బిగించింది. "నా నోరు సూస్తా పోనాడన్నా. ఇది కూడా నా నోరు సూడాలా?"

 ఒక్క మాట అన్నాను. అది సరైనదో కాదో ఇప్పటికీ తెలియదు.

"ఆడికి పెట్టడానికి నీ దగ్గర ఏటీ నేదు నర్సీ. దీనికి పెట్టడానికి ఉంది."

ఆమె నన్ను వెళ్ళమంది.

నమోదు 9. ఆటు. నీరు నిశ్చలం.

పడవ ఉదయమే వచ్చి లంగరు వేసింది. మళ్ళీ పోటు వచ్చేలోగా బయల్దేరాలి. డాక్టర్ గారు తొలకరిని మరోసారి తూకం వేశారు. తగ్గిందే తప్ప పెరగలేదు. గుడ్డ సంచి తీసుకుని బాలగృహం గుమ్మంలో నిలబడ్డారు. పడవవాడు కింద నుంచి రెండుసార్లు కేక వేశాడు.

నేను రోజూ లాగే చాప వేశాను. ఆకులు పెట్టాను. వేరే ఏం చేయాలో తెలియలేదు.

నరసమ్మ వచ్చింది. గొలుసు పని బట్టల్లోనే ఉంది, చేతులకు తుప్పు. ఎవరినీ చూడలేదు. బానలో చేతులు కడుక్కుని, ఒక ఆకులో అలసందలు పెట్టుకుని, గది చివరికి వెళ్ళి గోడ వైపు ముఖం తిప్పి కూర్చుంది. మా అందరికీ ఆమె వీపు కనిపించింది. ఆ వీపు చాలాసేపు కదల్లేదు. తర్వాత మోచెయ్యి పైకి లేచింది.

తొలకరి చూసింది. తన ఆకు పక్కన పెట్టి లేచి, తల్లి కుడి పక్కకు వెళ్ళి ముందుకు వంగింది. నరసమ్మ ఎడమకు తిరిగింది. పిల్ల వెనక నుంచి చుట్టి ఎడమ పక్కకు వచ్చింది. నరసమ్మ కుడికి తిరిగింది.

"ఏటమ్మా నోట్లో?"

నరసమ్మ తల ఇంకా కిందికి వంచింది.

"అమ్మా, ఏటది?"

పిల్ల అప్పటికే చిక్కిపోయి ఉంది. గోడకూ తల్లి మోకాళ్ళకూ మధ్య మిగిలిన జాగాలోకి అడ్డంగా దూరింది. వీపు గోడకు ఆనించి నిలబడింది. ఇప్పుడు ఆమె ముఖం తల్లి ముఖానికి జానెడు దూరంలో ఉంది. ఇక నరసమ్మకు తిరగడానికి వైపు లేదు.

"నువ్వు నములుతున్నావా?"

"ఊ," అంది నరసమ్మ.

"మావ లాగా?"

"మావ లాగా."

"మరి నువ్వు పెద్దదానివి కాదేటి?"

"పెద్దదాన్నేనే తల్లీ. రోజూ తింతాను. పొద్దుట తింతాను, రేతిరి తింతాను. తినకపోతే గొలుసు లాగలేను."

"సూపించు."

గదిలో ఎవరో పెద్దవాళ్ళు ఊపిరి గట్టిగా పీల్చిన చప్పుడు వినిపించింది. నరసమ్మ నోరు తెరిచింది. పిల్ల తల్లి గడ్డం పట్టుకుని, లోపలికి తొంగి, నలిగిన అలసందలను ఎంతో జాగ్రత్తగా పరిశీలించింది.

"నాకు సెప్పలేదేటి?" అంది కోపంగా.

నరసమ్మ ఏడుస్తోంది. ఏడుస్తూ నమలడం కష్టమని నేను గమనించాను. పిల్ల చెయ్యి చాచి తల్లి ఆకులోంచి ఒక గింజ తీసుకుంది. నోట్లో వేసుకుంది. మింగలేదు, ఉమ్మలేదు. తల్లి దవడ వైపు చూస్తూ నిలబడింది. తల్లి దవడ కదిలింది. పిల్ల దవడ కదిలింది.

పడవవాడు మూడోసారి కేక వేశాడు. డాక్టర్ గారు గుడ్డ సంచిని గుమ్మం లోపలి వైపు దించి, వంతెన మీదికి వెళ్ళి, పడవను పొమ్మని చెయ్యి అడ్డంగా ఊపారు.

పిల్ల రెండో గింజ తీసుకుంది. దుంప కూడా తీసుకుంది. తల్లి ఎక్కిళ్ళతో ఆగినప్పుడల్లా తానూ ఆగి, నోరు సగం తెరిచి, ఎదురుచూస్తోంది. తల్లి దవడ మళ్ళీ కదిలితే తప్ప ఆ పిల్ల దవడ కదలడం లేదు.

అందువల్ల నరసమ్మ ఆపలేదు.